గుల్ల లేని నత్తను తినే పాము: ఆపదలో ఉందా, లేదా?

కార్తీక మాసం వానలు పట్టుకున్నాయంటే తిరుపతిలో మా వీధి ఇళ్ళన్నింటిలో ఒకటే కేక. బాత్రూము మూలలో, తులసికోట మొదట్లో, పెరట్లో బోర్లించిన బిందె కింద నల్లగా, మెత్తగా, చెప్పు అట్ట ముక్కలాగా ఒకటి కనిపిస్తుంది. వెనకాల మెరిసే జిగురు గీత. "జలగ! జలగ!" అని ఒకరు అరుస్తారు, ఇంకొకరు ఉప్పు డబ్బా తెస్తారు. మా పిన్నమ్మయితే వానాకాలమంతా బాత్రూము గూట్లో సబ్బు పక్కనే ఒక కల్లుప్పు పొట్లం పెట్టుకుంటుంది.

అది జలగ కాదు. రక్తం తాగదు, ఎవరినీ కరవదు. అది నత్త. నత్తకు ఉండే గుల్ల దీనికి లేదు, అంతే. మన ఇళ్ళలో ఎక్కువగా కనబడే నల్లటి రకం ఆఫ్రికా నుంచి మొక్కల మట్టితో పాటు దేశాలు తిరిగి వచ్చిన జీవి. ఇంగ్లీషులో వీటిని స్లగ్ అంటారు. మనకు దీనికంటూ వాడుకలో ప్రత్యేకమైన పేరు లేకపోవడం వల్లే పాపం జలగ ఖాతాలో పడిపోయింది.

"దీన్ని తినేదాన్ని దేవుడు పుట్టించలేదంట్రా?" అని పోయిన ఏడాది పిన్నమ్మ అడిగింది. పుట్టించాడు, ఇవే తిని బతికే పాములున్నాయి అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "పామా? దానికన్నా ఈ జలగే మేలు" అని ఉప్పు చల్లేసింది.

శేషాచలం కొండల్లో అలా నత్తల మీదే ఆధారపడే పాము లేదు. మన దేశంలో కావాలంటే ఈశాన్య రాష్ట్రాల కొండలకు వెళ్ళాలి. అక్కడ పేరియాస్ అనే జాతి పాములున్నాయి. రాత్రిపూట చెట్ల కొమ్మల మీద తిరుగుతూ నత్తల్ని ఏరుకుంటాయి. ఆ కుటుంబానికే చెందిన పొట్టి పాములు కొన్ని మన పడమటి కనుమల్లో ఉన్నాయని 2018లో డీఎన్ఏ పరీక్షల ద్వారా తేలింది. తమాషా ఏమిటంటే, వంశం నత్తలు తినేవాళ్ళదే అయినా అవి మాత్రం వానపాములు తింటాయి. దక్షిణాఫ్రికాలో ఇంకోటి ఉంది. భయపడితే పొగాకు చుట్టలాగా గుండ్రంగా చుట్టుకుపోతుందని అక్కడివాళ్ళు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో డజన్ల కొద్దీ రకాలున్నాయి. అంటే ఈ తిండి అలవాటు ఒక్క వంశంలో పుట్టి ప్రపంచమంతా పాకింది కాదు. సంబంధం లేని పాములు ఎవరికి వారు విడివిడిగా నేర్చుకున్నవే.

నేర్చుకోవడం తేలిక కూడా కాదు. నత్త జిగురు సంగతి చేత్తో పట్టుకున్నవాళ్ళకు తెలుసు, సబ్బుతో మూడుసార్లు కడిగినా పోదు. చేతులు లేని పాముకు ఆ జిగురు నోటినిండా అంటుకుంటే? అమెరికా నత్తపాములకు కింది దవడ దగ్గరి గ్రంథుల్లోంచి వచ్చే స్రావం ఆ జిగురును లొంగదీస్తుంది. జపాన్‌లోని ఇషిగాకి, ఇరియోమోతె దీవుల్లో ఉండే పాముది ఇంకా విచిత్రం. దాని కింది దవడలో ఎడమవైపు సగటున 18 పళ్ళుంటే, కుడివైపు 25 దాకా ఉంటాయి. నత్త గుల్లలు చాలావరకు కుడిచేతి వాటంగానే చుట్టుకుని ఉంటాయి కాబట్టి, లోపలి మాంసాన్ని లాగడానికి దవడ కూడా ఆ వాటానికి తగ్గట్టు తయారైంది. దానికి నత్తలూ ఎదురు ఎత్తు వేశాయి. ఈ పాములున్న చోట ఎడమకు చుట్టుకునే నత్తలు ఎక్కువగా బతికి బట్టకట్టాయి, పాము వాటిని పట్టినా లాగలేక వదిలేస్తుంది కనక. కొండ మీద దుకాణాల్లో దక్షిణావర్త శంఖమని వేలకు వేలు చెప్పి అమ్మేది కూడా, జీవశాస్త్రం లెక్కలో, ఈ ఎడమ చుట్టుదే. వ్యాపారులు పట్టుకునే తీరు వేరు, శాస్త్రవేత్తలు పట్టుకునే తీరు వేరు, అంతే తేడా.

ఇక అసలు కథ ఉత్తర అమెరికా పడమటి తీరానిది. కాలిఫోర్నియా నుంచి కెనడా అంచు దాకా తేమ అడవుల్లో కాంటియా అనే చిన్న పాము ఉంది. ప్రధానంగా గుల్ల లేని నత్తలే దీని తిండి. మామూలుగా ఒక అడుగు పొడవుంటుంది. ఒంటి రంగు ఎరుపు కలిసిన గోధుమ, పొట్ట కింద నలుపు తెలుపు పట్టీలు. విషం లేదు. తోక చివర ఒక చిన్న ముల్లులాంటి పొలుసు ఉంటుంది, నేను దీన్ని ముల్లుతోక పాము అంటాను. ఆ ముల్లు కుట్టడానికి కాదు. జారిపోయే నత్తను పట్టి లాగేటప్పుడు ముల్లును నేలకు ఆనించి నిలదొక్కుకుంటుందని అనుకుంటున్నారు. గోడకు నిచ్చెన వేసేటప్పుడు కింద రాయి అడ్డం పెడతామే, అట్లా. పళ్ళు సన్నగా, పొడుగ్గా, వెనక్కి వంగి ఉంటాయి. నోట్లో పడిన నత్త ఒక్క దిక్కుకే కదలగలదు, గొంతులోకి.

ఎండను వెతుక్కుంటూ తిరిగే పాముల మధ్య ఇది తేడా మనిషి. 10 నుంచి 17 డిగ్రీల చలిలో, నేల తడిగా ఉన్నప్పుడు బయటికి వస్తుంది. తిరుమలలో ధనుర్మాసం తెల్లవారుజామున మనం దుప్పటి కప్పుకుని క్యూలో నిలబడే చలి అది. మరి నత్తలు తిరిగేది అప్పుడే కదా. ఎండాకాలం రాగానే భూమిలోకి దిగిపోతుంది. బయట తిరిగే రోజుల్లో కూడా రాళ్ళ కింద, కుళ్ళిన దుంగల కింద ఉంటుందే గానీ దారిన పోయేవారికి కనబడదు.

ఈ పాము అంతరించిపోయే ప్రమాదంలో ఉందా? ఇంటర్నెట్‌లో ఈ ప్రశ్న వేస్తే రెండు జవాబులు వస్తాయి. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే ప్రపంచ జాబితా 'రెడ్ లిస్టు'. దాన్ని తయారుచేసే ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ, 'లీస్ట్ కన్సర్న్', అంటే పెద్దగా కంగారు పడాల్సింది లేదు అంటుంది. కెనడాలో జీవజాతుల పరిస్థితిని తేల్చే కాసెవిక్ అనే నిపుణుల కమిటీ మాత్రం 1999లో దీన్ని 'ఎండేంజర్డ్' అంది, అంటే తీవ్రమైన ప్రమాదంలో ఉన్నట్టు. ఒకరిది తప్పు, ఇంకొకరిది ఒప్పు అనుకుంటాం. రెండూ ఒప్పే. ఎందుకో చూడాలంటే ఈ ముద్రలు వేసే పద్ధతి కొంచెం తెలియాలి.

ఐయూసీఎన్ 1948లో పుట్టిన సంస్థ, 1964 నుంచి రెడ్ లిస్టు వేస్తోంది. ముద్ర వేయడానికి జాలి, ముద్దు, భయం లాంటివి లెక్కలోకి రావు. సంఖ్య ఎంత వేగంగా తగ్గుతోంది, ఎంత వైశాల్యంలో ఉంది, అది ముక్కలు ముక్కలుగా విడిపోయిందా, పిల్లల్ని కనే వయసువి ఎన్ని మిగిలాయి అని చూస్తారు. ఉదాహరణకు పదేళ్ళలోనో మూడు తరాల్లోనో 50 శాతం తగ్గిపోయి, కారణాలు ఇంకా ఆగకపోతే ఎండేంజర్డ్. 80 శాతమైతే ఇంకా పై మెట్టు, క్రిటికల్. తిరిగే మేర 5,000 చదరపు కిలోమీటర్లకన్నా తక్కువై, దానికి తోడు ముక్కలవడం, తగ్గుతూ పోవడం లాంటివి ఉంటే, అప్పుడు కూడా ఎండేంజర్డే. ఒక్క వైశాల్యం చిన్నదైనంత మాత్రాన సరిపోదు. ఈ 'దానికి తోడు' అన్న మాటను చాలా వార్తలు మింగేస్తాయి.

ముల్లుతోక పాము కాలిఫోర్నియా, ఓరెగన్‌లలో చాలా చోట్ల ఉంది. అందుకే మొత్తం మీద చూస్తే కంగారు లేదు. కానీ ఉత్తరానికి పోయేకొద్దీ పలచబడిపోయి, కెనడాలో వాంకూవర్ దీవి దక్షిణపు కొస, దాని పక్కనున్న గల్ఫ్ దీవుల లాంటి కొద్ది చోట్లకే పరిమితమైంది. అక్కడ గుడ్లు పొదగాలంటే వెచ్చదనం కావాలి, కాబట్టి దక్షిణానికి తిరిగిన రాళ్ళ వాలు కావాలి. సరిగ్గా అలాంటి వాలు మీదే, ఎండ, సముద్రం రెండూ కనబడతాయని, మనుషులు ఇళ్ళు కట్టుకుంటారు. పాము పెట్టే గుడ్లు నాలుగైదు. ఒక్క వాలును బుల్‌డోజర్‌తో చదును చేస్తే అక్కడి సంతతి మొత్తం పోవచ్చు. దానికి తోడు రోడ్లు, పెంపుడు పిల్లులు. తోటల్లో నత్తల్ని చంపడానికి చల్లే విషపు గుళికలు దాని తిండికే ఎసరు పెడతాయి.

'కెనడాలో పోతే పోయింది, అమెరికాలో ఉన్నాయిగా' అనొచ్చు. ఈ వాదన మొదట్లో నాకూ సబబుగానే తోచింది. కుప్పం ఏనుగులు గుర్తొచ్చాక మారింది. చిత్తూరు జిల్లాలో ఏనుగులనేవే లేని కాలం చాలా ఉంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి అవి నడుచుకుంటూ కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అంటే ఇక్కడ లేకుండా పోయినా పక్క రాష్ట్రం నుంచి వచ్చి చేరే దారి ఏనుగుకు ఉంది. ఒక దేశానికో ప్రాంతానికో విడిగా లెక్క వేసేటప్పుడు ఐయూసీఎన్ నియమాలు అడిగే ప్రశ్న ఇదే: బయటి నుంచి వచ్చి ఈ లోటు పూడ్చే అవకాశం ఉందా? ఉంటే ప్రమాదం ముద్రను ఒక మెట్టు తగ్గించవచ్చు. అడుగు పొడవు పాము సముద్రం దాటి దీవికి రాదు. గల్ఫ్ దీవుల్లో పోయిందంటే పోయినట్టే. పైగా ఆ చలిని తట్టుకుంటూ అంచున వేల ఏళ్ళు బతికిన పాములు కాలిఫోర్నియా పాముల్లాంటివే అని ముందే తీర్మానించుకోవడానికి లేదు.

ఈ మాటకు సాక్ష్యం ఆ పాము జాతకంలోనే దొరికింది. కాంటియా అంటే 1852లో పేరు పెట్టిన ఒకే ఒక్క జాతి అని 150 ఏళ్ళపాటు అనుకున్నారు. 2002లో డీఎన్ఏ చూసేసరికి రెండు పాయలు కనిపించాయి. 2010లో రెండోదాన్ని వేరే జాతిగా వర్ణించారు, కాంటియా లాంజికాడా అని. తోక పొడుగు, తోక కింద పొలుసులు ఎక్కువ. కాలిఫోర్నియా ఉత్తర తీరం, ఓరెగన్ నైరుతి మూల, రెడ్‌వుడ్ మహావృక్షాలు, డగ్లస్ ఫర్ చెట్లు ఉండే చిక్కటి అడవులు దీని నెలవు. అందుకే దీన్ని అడవి ముల్లుతోక అనొచ్చు.

జాతి రెండుగా చీలినప్పుడు ముద్ర సంగతి ఏమవుతుంది? ఉమ్మడి కుటుంబం విడిపోయినట్టే. అంతకుముందు 'మా కుటుంబానికి 20 ఎకరాలు' అని చెప్పుకున్నవాళ్ళు పంపకాలయ్యాక ఎవరి వాటా వాళ్ళు చూసుకోవాలి. పెద్ద వాటా వచ్చినవాడికి పర్వాలేదు, చిన్న వాటా వచ్చినవాడి పరిస్థితి కొత్తగా లెక్క వేయాలి. రెండూ ఒకటే అనుకున్న రోజుల్లో పోగైన, పాము కనబడిన రికార్డులన్నీ, ఏది ఏ జాతిదో మళ్ళీ విడదీయాలి. మన గిరినాగుకు కూడా ఇదే జరిగింది. 2024లో శాస్త్రవేత్తలు దాన్ని నాలుగు జాతులుగా విడగొట్టారు, పడమటి కనుమల గిరినాగు వేరు జాతిగా తేలింది. నాలుగూ కలిసి ఉన్నప్పుడే దాని ముద్ర 'వల్నరబుల్', అంటే ముప్పులో ఉన్నట్టు, ఎండేంజర్డ్‌కు ఒక మెట్టు కింద. ఒక్కో వాటాకు విడిగా లెక్క వేస్తే అది పెరిగేదే గానీ తగ్గేదిగా నాకు తోచడం లేదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా పాములు ఎక్కడున్నాయో మనకు తెలుసు అన్న నమ్మకం మీద నడిచింది. అసలు పీటముడి అక్కడుంది. దుంగ కింద, చలి రాత్రిలో, ఏడాదికి కొన్ని వారాలే తిరిగే పామును లెక్కపెట్టేదెలా? కెనడాలో వాళ్ళు కనిపెట్టిన ఉపాయం నాకు తెగ నచ్చింది. ఇంటి కప్పులకు వేసే తారు షీట్లను ముక్కలు కోసి, అడవి వాలుల మీద వరసగా పరిచి వదిలేస్తారు. పగలు ఎండకు షీటు వెచ్చబడుతుంది, కింద తేమ నిలుస్తుంది. పాముకు అంతకన్నా మంచి లాడ్జి ఎక్కడ? వసంతంలో, మళ్ళీ ఆకులు రాలే కాలంలో, వచ్చి ఒక్కో షీటూ మెల్లగా ఎత్తి చూస్తారు. పదుల కొద్దీ షీట్లు ఎత్తితే ఒక పాము కనబడితే అదృష్టం. ఒక్కో పాము పొట్ట కింది పట్టీల తీరు ఒక్కో రకం, ఫొటో తీసుకుంటే మళ్ళీ గుర్తుపట్టొచ్చు. దీవులకు దూరంగా, పెంబర్టన్ అనే ఊరి దగ్గర కొండల్లో కూడా ఎవరూ అనుకోని విధంగా ఈ పాము బయటపడింది.

కాబట్టి కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. మనకు ఇది దగ్గర్లోనే జరిగింది. శ్రీలంకలో తప్ప ఎక్కడా లేదనుకున్న ఒక ఎగిరే పాము శేషాచలం అడవుల్లో ఉందని 2015లో ప్రచురించారు. ఎన్ని కోట్లమంది భక్తులు ఆ కొండల మీదుగా నడిచి వెళ్ళి ఉంటారో, దాని పైకొమ్మల్లో ఉన్నది శాస్త్రం కంట పడటానికి అంత కాలం పట్టింది. పిట్టల గుడ్లు మాత్రమే తిని బతికే మన దేశపు పాము ఒకటుంది, ఇదీ ముల్లుతోకలాగే ఒకే తిండి మీద ఆధారపడిన జీవి. చాలా దశాబ్దాలు ఎవరికీ కనబడక, పోయిందేమో అనుకున్న సమయంలో, ఈ శతాబ్దం మొదట్లో మహారాష్ట్రలో మళ్ళీ దొరికింది. ఆ తర్వాత వేరే రాష్ట్రాల్లోనూ కనబడుతూ వచ్చి, రెడ్ లిస్టులో 'లీస్ట్ కన్సర్న్'కు చేరింది. పాములేం పెరగలేదు, చూసే కళ్ళు పెరిగాయి.

దీనికి తలకిందులు కూడా ఉంటుంది. కనబడుతూనే ఉన్నా తగ్గిపోతూ ఉండొచ్చు. ఎర్రచందనం ముద్ర చూడండి. 2018లో దాన్ని ఎండేంజర్డ్ నుంచి ఒకేసారి దించి 'ముప్పుకు దగ్గర' అన్న మెట్టు మీద పెట్టారు. కొద్ది ఏళ్ళకే మళ్ళీ ఎండేంజర్డ్‌కు ఎక్కించారు. అందరికీ తెలిసిన, లారీలతో సహా పట్టుబడే చెట్టు విషయంలోనే లెక్క ఇంత ఊగిసలాడితే, దుంగ కింది పాము గురించి చెప్పేదేముంది? ముద్ర పక్కన అది వేసిన సంవత్సరం చూడకుండా మాట్లాడకూడదని నేను నేర్చుకున్నది ఎర్రచందనం నుంచే.

ఇంకొక చిక్కు చట్టానిది. రెడ్ లిస్టుకు చట్టబలం ఏమీ లేదు, అది డాక్టరు రాసిచ్చే రిపోర్టు లాంటిది. మందు ఇవ్వాల్సింది ప్రభుత్వాలు. కెనడాలో ఈ పాము ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద ఉంది. కానీ ఇలాంటి నేల జీవుల విషయంలో ఆ చట్టంలోని నిషేధాలు ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ భూముల్లోనే నేరుగా పనిచేస్తాయి. పాములేమో ఎక్కువగా ప్రైవేటు స్థలాల్లో ఉన్నాయి. కాబట్టి అక్కడ పని చాలావరకు బతిమాలుకోవడంతోనే నడుస్తుంది: అమ్మా, మీ పెరట్లో ఆ రాళ్ళగుట్ట కదపకండి, ఆ కుళ్ళిన దుంగ తీసి పారేయకండి అని. మన దగ్గర ఇది పూర్తిగా వేరు. నాగుపాము, జెర్రిపోతు రెండూ ప్రపంచ లిస్టులో 'లీస్ట్ కన్సర్న్' జీవులే. అయినా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వాటిని చంపడం నేరం, అది అడవి అయినా, మన సొంత ఇంటి వసారా అయినా. తిరుమల రాళ్ళ సందుల్లో ఉండే బంగారు బల్లి సంగతి కూడా అంతే. ఎక్కడా లేని అపురూప జీవి అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. తూర్పు కనుమల్లో చాలా చోట్ల దొరకడంతో ప్రపంచ లిస్టులో దానికీ కంగారు లేని ముద్రే ఉంది. అయినా మన చట్టం దాన్ని కాపాడుతోంది, కాపాడాలి కూడా.

అంటే కెనడా పాముకు ముద్ర పెద్దది, రక్షణ పలచన. మన జెర్రిపోతుకు ముద్ర చిన్నది, రక్షణ కాగితం మీద గట్టిది. కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, కర్ర పట్టుకుని పరిగెత్తే జనానికి సెక్షన్లు గుర్తుండవు, ఆ సంగతి మనకందరికీ తెలుసు.

2022లో ప్రపంచంలోని 10,196 సరీసృపాల మీద కలిపి వేసిన లెక్క ఒకటి వచ్చింది. వాటిలో 21 శాతం ముప్పులో ఉన్నాయని తేలింది. పొడి నేలల్లో ఉండేవాటికన్నా అడవుల్లో ఉండేవాటికే ప్రమాదం ఎక్కువట. సేద్యం, చెట్లు కొట్టడం, ఊళ్ళు పెరగడం, బయటి నుంచి వచ్చి పడే జీవులు కారణాలు. చివరి కారణం దగ్గర మాత్రం ముల్లుతోక పాము మనల్ని నవ్విస్తుంది. యూరప్ నుంచి వచ్చి అమెరికా తోటల్లో తిష్ట వేసిన నత్తల్ని కూడా అది శుభ్రంగా తినేస్తుంది. తోటవాళ్ళు తిట్టుకునే పురుగే దానికి భోజనం. మళ్ళీ ఆ తోటవాళ్ళే విషపు గుళికలు చల్లుతారు.

ఇదంతా విన్నాక పిన్నమ్మ అడిగింది ఒకటే: "అయితే మన జలగను తినేవాళ్ళు ఎవరూ లేనట్టేనా?" పెరట్లో గోరింట చెట్టు కింద తిరిగే జెముడుకాకి నత్తల్ని బాగానే తింటుందని చెప్పాను. నల్లగా, ఎర్రటి రెక్కలతో, 'ఊప్ ఊప్' అని కూసే పిట్ట. మరుసటి వానకు ఆమె ఉప్పు పొట్లం తీయలేదు. చీపురుతో ఆ నత్తను చేటలోకి నెట్టి, గోరింట చెట్టు కింద వదిలి వచ్చింది. జెముడుకాకి వచ్చిందో లేదో ఇద్దరం చూడలేదు.